కిటికీలో దీపం: 1990లో ఐర్లండు

ఐర్లండు అనగానే మన పెద్దలకు మొదట గుర్తుకు వచ్చేది వి.వి. గిరిగారు. 1913లో బరంపురం నుంచి డబ్లిన్ వెళ్ళి లా చదువుతూ, అక్కడి స్వాతంత్య్రోద్యమపు వేడి తగిలి, 1916 ఈస్టర్ తిరుగుబాటు తరువాత ఆ దేశం విడిచి రావలసి వచ్చింది ఆయనకు. మన రాజ్యాంగంలోని ఆదేశిక సూత్రాలకు ఐరిష్ రాజ్యాంగమే మాతృక. ఈ చుట్టరికం గురించి సభల్లో తరచు వింటూనే ఉంటాం. కాని ప్రవాసాంధ్రులకు ఆ దేశంతో ఇంకో చుట్టరికం ఉంది. అది వలస. పిల్లల్ని పెంచి, పెద్దచేసి, ఓడ ఎక్కించి పంపటం ఐర్లండుకు తరతరాల అలవాటు.

ఆ అలవాటును ఆ దేశం ముఖాముఖి చూసుకున్న సంవత్సరం 1990. ఫుట్‌బాల్ మైదానంలోనూ, ఎన్నికల్లోనూ, నాటకశాలలోనూ, నవలలోనూ ఆ ఏడు ఒకే ప్రశ్న తిరిగింది: వెళ్ళిపోయినవాళ్ళు మనవాళ్ళేనా? ఐరిష్‌వారు ఆ సంవత్సరాన్ని పెళ్ళి సందడిలా తలుచుకుంటారు. ఆ సందడి నిజమే. అయితే ఆ పంక్తిలో ఖాళీగా మిగిలిన రెండు విస్తళ్ళు కూడా ఉన్నాయని, వాటిని చూపినవి ఆ ఏటి ఉత్తమ రచనలు రెండేనని నా అభిప్రాయం.

ముందు సందడి సంగతి. ఐర్లండు ప్రపంచ కప్ ఫుట్‌బాల్ పోటీలకు వెళ్ళటం అదే మొదటిసారి. ఆట గొప్పదని చెప్పటానికి లేదు. అయిదు మ్యాచ్‌లలో కొట్టింది రెండే గోళ్ళు. మామూలు ఆటలో ఒక్కటీ గెలవకుండానే క్వార్టర్ ఫైనల్ చేరారు. బంతిని ఎత్తి దూరంగా తన్నటమే పద్ధతి. ఆ పద్ధతిని తిట్టిన విమర్శకులు ఐర్లండులోనే ఉన్నారు. అయినా జూన్ 25న జెనోవాలో రుమేనియాతో పెనాల్టీల దాకా వెళ్ళిన ఆటను దేశం దేశమంతా ఊపిరి బిగబట్టి చూసింది. గోల్‌కీపర్ పాకీ బానర్ చివరి బంతిని ఆపాడు. ఆ వెంటనే డేవిడ్ ఓలియరీ గోల్ కొట్టాడు. గెలుపు దక్కింది.

ఇక్కడ ఒక విశేషం. ఆ రోజు పెనాల్టీలు కొట్టిన అయిదుగురూ షీడీ, హౌటన్, టౌన్‌సెండ్, కాస్కరీనో, ఓలియరీ. ఈ అయిదుగురిలో ఒక్కడూ ఐర్లండులో పుట్టలేదు. ఒకరిది వేల్స్, ఒకరిది స్కాట్లండు, ముగ్గురిది ఇంగ్లండు. తల్లో, తండ్రో, అమ్మమ్మో ఐరిష్ అయితే చాలునన్న నిబంధన కింద వచ్చినవాళ్ళే ఎక్కువ. ఓలియరీ మాత్రం లండన్‌లో పుట్టి డబ్లిన్‌లో పెరిగాడు. కోచ్ జాక్ చార్ల్‌టన్ అయితే అచ్చమైన ఇంగ్లీషువాడు, 1966లో ఇంగ్లండుకు కప్పు తెచ్చిన జట్టులోవాడు. పొట్ట చేతబట్టుకుని పోయినవాళ్ళ పిల్లలు వచ్చి పరువు నిలబెట్టారన్నమాట. అదే ఏడు కార్క్ జిల్లా హర్లింగ్, గేలిక్ ఫుట్‌బాల్ కప్పులు రెండూ గెలిచింది. అది ఇంటిపట్టున ఉన్నవారి ఆట, ఏ ఊరివాడు ఆ ఊరికి ఆడే ఆట. ఒకే వేసవిలో రెండు ఐర్లండులు పక్కపక్కన కనిపించాయి.

ఇక ఎన్నిక. నవంబరులో అధ్యక్ష పదవికి ముగ్గురు పోటీ చేశారు. గెలుస్తారని అందరూ అనుకున్నది బ్రయన్ లెనిహన్. ఆయన విదేశాంగ మంత్రిగా ఉన్నప్పుడు, 1987లో, ఒక అమెరికన్ పత్రికతో మాట్లాడుతూ, ఇంత చిన్న ద్వీపంలో అందరమూ బతకలేం కదా అన్నారు. 1989 ఏప్రిల్‌తో ముగిసిన ఏడాదిలో వలస కింద దేశం నికరంగా కోల్పోయింది సుమారు 44 వేలమందిని, అదీ 35 లక్షల జనాభాలో. పాత టెలిఫోను సంభాషణ ఒకదాని వివాదంలో ఎన్నికకు వారం ముందు ఆయన మంత్రి పదవి పోయింది. తొలి లెక్కింపులో ఆయనకు 44 శాతం, లాయరైన మేరీ రాబిన్సన్‌కు 39 శాతం ఓట్లు వచ్చాయి. మూడో అభ్యర్థి ఓట్ల బదిలీతో రాబిన్సన్ గెలిచి, ఐర్లండుకు తొలి మహిళా అధ్యక్షురాలయ్యారు. డిసెంబరు 3న పదవీ స్వీకార ప్రసంగంలో, ప్రపంచంలో ఐరిష్ సంతతి వాళ్ళమని చెప్పుకునేవారు 7 కోట్లకు పైగా ఉన్నారనీ, వారికీ తాను ప్రతినిధిననీ అన్నారు. అధ్యక్ష భవనం కిటికీలో పరదేశాల్లో ఉన్న బిడ్డల కోసం ఒక దీపం వెలిగించి ఉంచారు.

ఆ దీపాన్ని తక్కువ చేయలేం. ద్వీపంలో చోటు లేదన్న మాటకు అది జవాబు. 1998లో రాజ్యాంగాన్ని సవరించినప్పుడు పరదేశాల్లోని ఐరిష్ సంతతితో తమ అనుబంధాన్ని ఒక వాక్యంగా చేర్చారు కూడా. కాని దీపం వేరు, ఓటు వేరు. పరదేశంలో స్థిరపడ్డ ఐరిష్ పౌరుడు ఆ అధ్యక్షుణ్ణి ఎన్నుకోవటానికి ఈనాటికీ ఓటు వేయలేడు. మనలో భారత పౌరసత్వం ఉంచుకున్నవారికి 2010 చట్ట సవరణతో ఓటు వచ్చింది గాని, విమానం ఎక్కి సొంత నియోజకవర్గానికి వెళ్ళి వేయాలి. ఈ తరహా ప్రేమ మనకూ తెలిసిందే.

ఇప్పుడు ఖాళీ విస్తళ్ళ సంగతి. ఏప్రిల్ 24న డబ్లిన్ ఆబీ థియేటర్‌లో బ్రయన్ ఫ్రీల్ నాటకం ‘డాన్సింగ్ ఎట్ లూనసా’ తొలి ప్రదర్శన జరిగింది. కాలం 1936 ఆగస్టు. చోటు డోనెగాల్ జిల్లాలో ఒక పల్లె పక్కన ఇల్లు. పెళ్ళికాని అక్కచెల్లెళ్ళు అయిదుగురు, వారిలో ఒకరి ఏడేళ్ళ కొడుకు మైకేల్, పాతికేళ్ళు ఉగాండాలో మతప్రచారం చేసి తిరిగివచ్చిన అన్న జాక్. పెద్దవాడైన మైకేల్ ఈ కథను తలుచుకుని చెబుతుంటాడు. మొదటి అంకంలో రేడియోలో పాట రాగానే, అయిదుగురూ వంటింట్లో పూనకం వచ్చినట్లు చిందులు వేస్తారు. ప్రేక్షకులు మరచిపోలేనిది ఆ ఘట్టమే. చాలామంది దీన్ని ఆనందపు నృత్యం అంటారు. నాకలా తోచలేదు. అడిగేవాడు లేక, బయటపడే దారి లేక, ఒళ్ళు తిరగబడటం అది. అందుకే రేడియో ఆగిపోగానే ఒకరి ముఖం ఒకరు చూసుకోలేక సిగ్గుపడతారు.

అసలు దెబ్బ తరువాత వస్తుంది. ఆగ్నెస్, రోజ్ ఇంట్లో కూర్చుని చేతితొడుగులు అల్లి నాలుగు డబ్బులు తెస్తుంటారు. ఫ్యాక్టరీ వస్తుంది, ఆ పని పోతుంది. ఇద్దరూ చెప్పకుండా లండన్ వెళ్ళిపోతారు. పాతికేళ్ళ తరువాత మైకేల్ వెతుక్కుంటూ పోతే ఆగ్నెస్ అప్పటికే చనిపోయి ఉంటుంది. రోజ్ దిక్కులేనివారి ఆశ్రమంలో అవసాన దశలో ఉంటుంది. ఇదంతా మైకేల్ కొద్ది వాక్యాల్లో చెప్పేస్తాడు. అది చెప్పాక కూడా ఆ ఇద్దరూ వేదిక మీద నవ్వుతూ తిరుగుతూనే ఉంటారు. ఇంత పెద్ద దుఃఖాన్ని అంత తొందరగా దాటేయటం లోపమని ఎవరైనా అనవచ్చు. నేను ఒప్పుకోను. వెళ్ళి చితికిపోయినవాళ్ళ గురించి ఏ ఇంట్లోనైనా మాట్లాడేది అలాగే, నాలుగు ముక్కల్లో, గొంతు తగ్గించి.

నాటకంలో నాకు నచ్చనిది వేరొకటి. జాక్ మాటల్లోని ఉగాండా ఐర్లండుకు పట్టిన అద్దం మాత్రమే. అక్కడి మనుషులకు సొంత గొంతు లేదు. తెల్లవారి పాలన చూసిన జాతివాళ్ళం కనుక ఇది మన చెవికి త్వరగా తగులుతుంది.

అదే ఏడు వచ్చిన జాన్ మెక్‌గాహర్న్ నవల ‘అమాంగ్స్ట్ విమెన్’ బుకర్ బహుమతికి తుది జాబితా దాకా వెళ్ళింది. 1965లో ఈయన నవలను దేశంలో నిషేధించారు, బడిపంతులు ఉద్యోగమూ ఊడింది. ఇందులో మొరన్ ఒకప్పుడు స్వాతంత్య్ర సమరంలో పోరాడిన యోధుడు, ఇంట్లో నియంత. లండన్‌లో, డబ్లిన్‌లో ఉన్న కూతుళ్ళు సెలవు దొరికితే చాలు పరుగెత్తుకు వస్తారు. పెద్దకొడుకు ల్యూక్ మాత్రం లండన్ వెళ్ళినవాడు ఆ ఇంటి గడప మళ్ళీ తొక్కడు. రచయిత ఎవరి పక్షమూ వహించడు. కిటికీలో ఎన్ని దీపాలు పెట్టినా రాలేనివాళ్ళు ఉంటారని, అందుకు కారణం ఒక్కొక్కప్పుడు ఆ ఇల్లేననీ ఈ నవల చెబుతుంది.

ఆటగాళ్ళు గెలిచి వచ్చారు గనుక మనవాళ్ళయ్యారు. దీపం తిరిగి రాగలవారికి దారి చూపింది. ఆగ్నెస్, రోజ్, ల్యూక్ ఈ రెండు లెక్కల్లోనూ లేరు. 1990ని నేను గౌరవించేది వాళ్ళను మరవని నాటకం, నవల రెండూ ఆ పండుగ నడుమనే వచ్చినందుకు.

మన మాటకు వస్తే, మన సంచికల్లో పిల్లల ర్యాంకులు, కొత్త ఇళ్ళు, పదవులు అచ్చవుతాయి. తప్పు లేదు. కాని ఉద్యోగం పోయి ముఖం చాటేసిన మిత్రుడి గురించి, సంసారం చెడి ఒంటరిగా ఉన్న ఆడపడుచు గురించి, కరీంనగర్ నుంచి, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు కూలికి పోయి పెట్టెలో తిరిగివచ్చినవాడి గురించి ఎన్నడైనా ఒక పేజీ కేటాయించామా?

వచ్చే ఉగాదికి మన నాటక ప్రియులు లూనసాను తెలుగులో చదివి వినిపించే ప్రయత్నం చేస్తే బాగుంటుంది. అయిదు మంచి స్త్రీ పాత్రలున్న నాటకం మనకు తరచు దొరకదు. నిడివి తగ్గించవలసి వస్తే చిందుల ఘట్టంలో ఓ నిమిషం కోయండి. ఆగ్నెస్, రోజ్ ఏమయ్యారో మైకేల్ చెప్పే ఆ కొద్ది మాటలు మాత్రం ఉండనివ్వండి.