వడగండ్ల రోజు పొలంలో ఎవరున్నారు?

దోహాలో మా ఆరాధన శుక్రవారం, సెలవు ఆ రోజే కాబట్టి. చర్చిలన్నీ మెసైమీర్‌లో ఒకే ప్రహరీ లోపల ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చిన ఆ స్థలంలో 2008లో రోజరీ మాత చర్చి తెరుచుకుంది. గేటు దగ్గర తనిఖీ దాటి లోపలికి వెళ్తే గోదావరి జిల్లాలవాళ్లు, కడపవాళ్లు, నిజామాబాద్‌వాళ్లు పక్కపక్కనే కూర్చుని బైబిలు చదువుతూ కనిపిస్తారు.

నిర్గమకాండం వచ్చేసరికి చదివే గొంతులు మారతాయి. గడ్డి ఇవ్వకపోయినా ఇటుకల లెక్క తగ్గకూడదన్న ఫరో ఆజ్ఞను సైటులో ఇనుప చువ్వలు వంచేవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఆ ఊపులోనే పది తెగుళ్లూ చదివేస్తాం. రక్తం, కప్పలు, పేలు, ఈగలు... ఒక్కో దెబ్బా మన తరఫునే పడుతున్నట్టు ఉంటుంది.

నన్ను ఆపేది ఏడో తెగులు. వడగండ్లకు ముందు ఒక రోజు గడువు ఉంది. పొలంలో ఉన్న మనుషుల్నీ పశువుల్నీ లోపలికి రప్పించుకోమని హెచ్చరిక వచ్చింది. ఫరో కొలువులో కొందరు ఆ మాటకు భయపడి తమ దాసుల్ని ఇళ్లలోకి పిలిపించుకున్నారు. లెక్కచేయనివాళ్లు బయటే వదిలేశారు. బయట ఉన్నవాళ్లు పోయారు. వాళ్లు చేసిన తప్పేమిటి? యజమాని వినలేదు, అంతే.

ఖతార్‌లో 2007 నుంచి వేసవి మధ్యాహ్నాల్లో ఆరుబయట పని నిషేధం. 2021లో దాన్ని జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి మూడున్నర వరకు పెంచారు. ఎండనూ తేమనూ కలిపి కొలిచే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళయినా పని ఆపాల్సిందే. చాలా మంచి నిబంధన. పది కాగానే హెల్మెట్లు తీసి, మెడకు చుట్టుకున్న తువ్వాలు పిండుకుంటూ నీడకు చేరే కుర్రాళ్లను చూస్తే ఆ వడగండ్ల అధ్యాయమే గుర్తొస్తుంది. ఆ కొలత చూసి ఆపమని చెప్పాల్సింది మాత్రం వాళ్లు కాదు.

ఖురాన్ ఏడో సూరాలోనూ మిడతలు, పేలు, కప్పలు, రక్తం ఉన్నాయి. మా ఆఫీసులో ఈజిప్టు మిత్రుడికి మూసా (మోషే), ఫిరౌన్ (ఫరో) చిన్నప్పుడు విన్న కథే. ఆయనతో కలిసి భోంచేసే నేను ఈజిప్టువాళ్ల చావులు చదివి సంబరపడలేను. యూదులు పస్కా భోజనంలో ఒక్కో తెగులు పేరు చెప్పి గిన్నెలోంచి ఒక్కో చుక్క ద్రాక్షరసం తీసేస్తారు. ఎదుటివాడి బాధ ముందు తమ సంతోషం కొంత తగ్గాలని దానికి చెప్పే అర్థాల్లో ఒకటి. మన సంఘాల్లోనూ అలాంటి ఆగడం ఒకటి ఉండాలి.

ఎందుకంటే నిర్గమకాండం పదకొండో అధ్యాయం ఇంకా కష్టం. ఫరో పెద్దకొడుకు మొదలు తిరగలి దగ్గర కూర్చున్న దాసి తొలి బిడ్డ దాకా ఈజిప్టులో తొలి బిడ్డలెవరూ మిగలరని ఉంది. ఆ దాసి ఎవరిచేత ఇటుకలు చేయించింది? ఆమె కొట్టిన కొరడా ఏది? దీనికి నాకు ఇంతవరకు తృప్తినిచ్చే జవాబు ఎవరూ చెప్పలేదు. చదివిన ప్రతిసారీ ఇళ్లలో పనికి ఖద్దామాలుగా వచ్చిన మన అక్కలే కళ్లముందు కదులుతారు. 2017 చట్టం ప్రకారం వాళ్లకు వారానికో సెలవు, రోజుకు పది గంటలకు మించని పని. అయినా శుక్రవారం కఫీల్ (యజమాని) ఇంటినిండా చుట్టాలు. వంటింట్లోంచి కదలలేక, ఫోన్ చెవిలో పెట్టుకుని వాక్యం వినేవాళ్లున్నారు.

వచ్చే వారం ఆ అధ్యాయం చదివే వంతు నాది. దాసి మాట రాగానే చదవడం ఆపి, రాలేకపోయిన అక్కల కోసం ప్రార్థన చేద్దామని పాస్టరుగారిని అడిగాను. సరేనన్నారు, పేర్లు రాసి తెమ్మన్నారు.