పలక నుంచి ఫోన్ దాకా: ఎవరీ వినియోగదారుడు?

మార్కాపురం అంటే పలకలు. కొండ తవ్వి, రాయి చీల్చి, దుమ్ము మింగి మన కూలీలు చేసిన పలకల మీద ఎన్నో ఊళ్ల పిల్లలు అక్షరాలు దిద్దుకున్నారు. చేసినవాడి బిడ్డకి పలక దొరికిందా అని అప్పుడెవరూ అడగలేదు. ఇవాళ పలక స్థానంలోకి ఫోన్ వచ్చింది. నెట్‌వర్క్ అందరికీ అందిందంటున్నారు. ఈ మాటను మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వాడల్లో నిలబడి పరిశీలించడమే మా ఉద్దేశం.

ఫోన్ రావడం చిన్న విషయం కాదని ముందే ఒప్పుకుంటాం. మనది కరువు నేల. హైదరాబాదుకో, బెంగుళూరుకో, గుంటూరు మిరప కోతలకో వలసపోయిన మనిషి గొంతు ఇంట్లో వినపడేది ఫోన్‌లోనే. మేస్త్రీ కూలి ఎగ్గొడితే నలుగురికీ తెలిసేదీ, ఎక్కడన్నా దాడి జరిగితే గంటలో సంఘం కదిలేదీ దాంతోనే. 1985లో కారంచేడు గొడవ మంచినీళ్ల చెరువు దగ్గర మొదలైంది. చెరువుకి కాపలా పెట్టొచ్చు, సిగ్నల్‌కి పెట్టలేరు. అది వాడ పొలిమేర దగ్గర ఆగదు.

మరి కులం ఎక్కడికి పోయింది? రీచార్జ్‌లోకి పోయింది.

2003లో ఇన్‌కమింగ్ ఉచితమైంది. 2018 చివర్లో పెద్ద కంపెనీలు నెలకి కనీసం 35 రూపాయలు వేయించాల్సిందేనన్నాయి. 2024 జూలైలో ఎయిర్‌టెల్ 28 రోజుల ప్లాన్ 179 నుంచి 199 రూపాయలైంది. వాళ్ల నెలకి 28 రోజులే గనక ఏడాదికి పదమూడు సార్లు వేయించాలి, అంటే 2,587 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి పని కూలి రోజుకి 307. ఎనిమిది రోజులపైన చాకిరీ ఒక్క ఫోన్ బతికుండటానికే పోతుంది. డేటా లేని ప్లాన్లు కూడా పెట్టమని 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించింది. కంపెనీలు పెట్టాయి, కానీ 84 రోజుల డబ్బు, నాలుగు వందలపైన, ఒకేసారి కట్టాలి. రోజుకూలోడి చేతిలో అంత డబ్బు ఒక్కసారి ఎప్పుడుంటుంది?

ధర అందరికీ ఒకటే గదా అంటారు. భూమి ఉన్నోడికీ లేనోడికీ ఒకే ధర పెట్టడం సమానత్వం కాదు. ఈ ప్రాంతంలో భూమి ఎవరికి లేదో వేరే చెప్పాలా? ఇంటికొక్క ఫోనుంటే అది మగవాడి జేబులోనే ఉంటుంది. 2020లో బడులు మూతపడి పాఠాలు ఫోన్లోకొచ్చినప్పుడు ముందు వెనకబడింది ఆడపిల్లే.

ఇంకో సంగతి. కొనుక్కోనివాడికి వద్దనే హక్కుండాలి. ఆ హక్కూ లేదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి పనుల్లో హాజరుని యాప్‌లో ఫోటోల ద్వారానే వేయాలన్నారు. ఫోటో ఎక్కకపోతే హాజరు పడదు. గడ్డపార పట్టిన చేయి చెప్పేది చెల్లదు, మేట్ చేతిలోని ఫోన్ చెప్పిందే చెల్లుతుంది. నల్లమల అంచున సిగ్నల్ పోయినరోజు తప్పు ఎవరిది, కూలి ఎవరిది పోయింది? ఆ చట్టం స్థానంలో 2025 డిసెంబరులో కొత్త చట్టం తెచ్చారు. అందులోనూ బయోమెట్రిక్, మొబైల్ నిఘా పోలేదు.

అందుకే 'వినియోగదారుడు' అనే మాటనే మేము ప్రశ్నిస్తున్నాం. రేషన్‌కీ, కూలికీ, స్కాలర్‌షిప్‌కీ ఫోన్ తప్పనిసరి చేశాక అతను కొనుగోలుదారు కాదు, పౌరుడు. డిజిటల్ సౌకర్యం అందడం జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. గ్రామీణ సేవల కోసమని కంపెనీల ఆదాయంలో వాటా వసూలు చేసే నిధి 2002 నుంచీ ఉంది, ఇప్పుడు దాని పేరు డిజిటల్ భారత్ నిధి. ఆ డబ్బుతో టవర్లు లేస్తే చాలదు, టవర్ కింద బతికేవాడి ఫోన్ మూగపోకూడదు.

సంఘాలు అడగాల్సినవి మూడు. డబ్బు లేదని ఇన్‌కమింగ్ ఆపొద్దు. యాప్ పనిచేయని రోజు కాగితం మస్టరు చెల్లాలి. సిగ్నల్ లేదన్న కారణంతో ఎవరి కూలీ, బియ్యమూ ఆగకూడదు. పలక విషయంలో అడగలేదు. ఫోన్ విషయంలోనైనా అడుగుదాం.