ఒకే కొలత రాయి: కామన్‌వెల్త్ సైనిక సమాధుల నిర్మాణ సంప్రదాయం

మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున పోరాడి మరణించినవారి సమాధుల బాధ్యతను శాశ్వతంగా వహించడానికి 1917 మే 21న రాజశాసనం ద్వారా ఇంపీరియల్ వార్ గ్రేవ్స్ కమిషన్ ఏర్పడింది. 1960 నుంచి దానిని కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ అని వ్యవహరిస్తున్నారు. రెడ్‌క్రాస్ అంబులెన్స్ దళ నాయకుడిగా ఫ్రాన్స్‌కు వెళ్లి, సమాధుల వివరాలు నమోదు చేయించే పనికి పూనుకున్న ఫేబియన్ వేర్ దీనికి మూలపురుషుడు. అంతకు ముందటి యుద్ధాల్లో సేనానులకు విగ్రహాలు, సిపాయిలకు పేరు లేని సామూహిక గోతులు దక్కడం పరిపాటి కాగా, మరణించిన ప్రతి ఒక్కరికీ పేరుతో కూడిన శాశ్వత చిహ్నం ఉండాలనీ, అందులో హోదా, జాతి, మతాల తేడా కనిపించకూడదనీ కమిషన్ నిశ్చయించింది. ఈ సమతాసూత్రాన్ని రాతి కొలతల్లోకి, అక్షరాల్లోకి, తోటపనిలోకి కూడా దించడమే ఈ సంప్రదాయపు విశిష్టత.

బ్రిటిష్ మ్యూజియం డైరెక్టర్ ఫ్రెడరిక్ కెన్యన్ 1918లో సమర్పించిన నివేదిక దీనికి రూపురేఖలు దిద్దింది. సమాధిపై శిలువకు బదులు నిలువు ఫలకాన్ని ఎంచుకోవడానికి, అది ఏ మతస్థునికైనా తగినది కావడం, వివరాలు చెక్కడానికి చాలినంత చోటు ఉండడం ప్రధాన కారణాలు. సుమారు 81 సెంటీమీటర్ల ఎత్తు, 38 సెంటీమీటర్ల వెడల్పు గల ఈ ఫలకాన్ని తొలుత ఎక్కువగా ఇంగ్లండ్‌లోని పోర్ట్‌లాండ్ సున్నపురాయితో చేశారు. వాననీరు నిలవకుండా జారిపోయేలా దాని పైఅంచును వంపుగా మలిచారు. దళ చిహ్నం, హోదా, పేరు, మరణించిన తేదీ, మతచిహ్నం వరుసగా చెక్కి, అడుగున కుటుంబసభ్యులు కోరిన మాటకు 66 అక్షరాలు మించకుండా చోటిచ్చారు. మృతదేహాలను స్వదేశానికి తరలించరాదన్న నిర్ణయంతోపాటు ఈ ఏకరూపతను కూడా అనేక కుటుంబాలు వ్యతిరేకించాయి; శిలువే కావాలని కొందరు మహజర్లు సమర్పించగా, 1920లో బ్రిటిష్ పార్లమెంటు చర్చించి కమిషన్ విధానాన్నే నిలబెట్టింది. స్థోమతను బట్టి ఎవరి కట్టడం వారు కట్టుకోనిస్తే శ్రీమంతుల సమాధుల చాటున పేదల సమాధులు మరుగునపడతాయన్నది కమిషన్ వాదన.

శ్మశానం మొత్తాన్ని ఒకటిగా కూర్చే కట్టడాలు రెండు. రెజినాల్డ్ బ్లోమ్‌ఫీల్డ్ రూపొందించిన త్యాగశిలువ మీద మొన కిందికి దిగిన కంచు ఖడ్గం ఉంటుంది. ఎడ్విన్ లుటియెన్స్ రూపొందించిన స్మృతిశిల మీద ఏ మతచిహ్నమూ లేదు. చూపుకు చదునుగా తోచే దాని తలాలు నిజానికి దాదాపు 549 మీటర్ల వ్యాసం గల గోళంలో భాగాలుగా లెక్కగట్టి చెక్కినవి. సమాధుల ముందు పొట్టి మొక్కలు పెంచడంలోనూ ఒక యుక్తి ఉంది: అందంతోపాటు, వానకు మట్టి చింది ఫలకం మాయకుండా అవి కాపాడతాయి.

దహన సంస్కారం పాటించే హిందువులు, సిక్కుల విషయంలో సమాధి ఫలకం అనే పద్ధతే చాలదు కాబట్టి, వారి పేర్లను ప్రత్యేక స్మారకాలపై చెక్కే మార్గాన్ని కమిషన్ అనుసరించింది. రెండో ప్రపంచయుద్ధ కాలాన 1944లో జపాన్ సేనలతో భీకరంగా పోరు సాగిన నాగాలాండ్‌లోని కొహిమాలో, కొండవాలు మెట్లపై 1,420 సమాధులుండగా, దహనమైన 917 మంది హిందూ, సిక్కు సైనికులకు వేరే స్మారకం ఉంది. ఇక్కడ నిలువు ఫలకాలకు బదులు పొట్టి రాతిదిమ్మెలపై కంచు పలకలు అమర్చారు. ఫ్రాన్స్‌లోని నవ్‌షాపెల్‌లో హెర్బర్ట్ బేకర్ రూపకల్పన చేయగా 1927లో ఆవిష్కృతమైన భారతీయ స్మారకంలో, అశోకస్తంభాలను తలపించే ఎత్తైన స్తంభం, జాలీ పనితనపు రాతిగోడ, సమాధి దక్కని 4,700 మందికి పైగా సైనికుల పేర్లు కనిపిస్తాయి.

అయితే సూత్రం అంతటా ఒకేలా అమలు కాలేదు. ఇరాక్‌లోని బస్రా స్మారకంపై అధికారుల పేర్లు చెక్కి, భారతీయ సాధారణ సైనికులను దళాలవారీగా సంఖ్యలతో సరిపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధపు ఇరాక్ రణరంగంలో పనిచేసిన మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ దళంలో తెలుగువారు కూడా చేరేవారు కనుక ఈ లోపం తెలుగు ప్రాంతాలకు పరాయి విషయం కాదు. ప్రధానంగా ఆఫ్రికా వాసులైన కనీసం 1,16,000 మంది, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో గాని అసలే గాని స్మరణకు నోచుకోలేదని కమిషన్ నియమించిన సంఘం 2021లో తేల్చగా, కమిషన్ క్షమాపణ చెప్పింది.

ఈ సంప్రదాయపు విలువను ఆ లోపంతో కలిపే అంచనా వేయాలి. సమానత్వాన్ని ప్రసంగాలకే వదలక కొలవగలిగిన రాయిగా నిలబెట్టినందువల్ల, ఎవరి పేరు చెక్కారో, ఎవరిని అంకెతో సరిపెట్టారో ఎవరైనా లెక్కించి ప్రశ్నించగలుగుతున్నారు; సంస్థ తనకు తాను పెట్టుకున్న కొలతే దాని తప్పును పట్టి ఇచ్చింది. అందువల్ల మిగిలిన పేర్లను వెదికి చేర్చడం పాత కట్టడాలకు అలంకారం కాదు, 1917లో చేసిన వాగ్దానంలో ఇంకా తీరని భాగం.