వల్లెవేత నుంచి ఒప్పజెప్పడం దాకా: ప్రాథమిక తరగతిలో వీధిబడి విద్య

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతపు ప్రాథమిక పాఠశాలల్లో చదువులోనూ లెక్కల్లోనూ తోటివారికంటే ముందున్న పిల్లలకు వారం వారం ఏం నేర్పాలన్న ప్రశ్న కొత్తదిగా కనిపించవచ్చు. కానీ వేర్వేరు స్థాయిల పిల్లలను ఒకే గదిలో కూర్చోబెట్టి, ఎవరి పాఠం వారికి ఇస్తూ, ముందున్నవారిచేత వెనకున్నవారికి చెప్పించడం తెలుగునాట వీధిబడులంత పాత పద్ధతి. నిజాం పాలనలో సర్కారు చదువు ప్రధానంగా ఉర్దూలో సాగింది కనుక, తెలంగాణ పల్లెల్లో చాలామంది తెలుగు అక్షరాలను కానిగి బడిలో, అంటే ఊరివారు పంతులుకు ధాన్యమో డబ్బో ఇచ్చి నడుపుకొన్న ప్రైవేటు బడిలో దిద్దుకున్నారు. వేములవాడ సమీపంలోని హనుమాజీపేటలో 1931లో పుట్టి, ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సి. నారాయణరెడ్డి తర్వాతి కాలంలో 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారం అందుకున్న తెలుగు కవి అయ్యారంటే, హరికథలూ జానపదాలూ విన్న చెవికి ఆ ఘనతలో కొంత వాటా ఇవ్వక తప్పదు.

వీధిబడులు ఎలా నడిచేవో తెలిపే పత్రాల్లో బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823లో రాసిన నివేదిక ముఖ్యమైనది. ఆ జిల్లాలో ఆయన లెక్కించిన 533 బడుల్లో 226 తెలుగువి, 235 కన్నడవి. ఉదయాన్నే అందరికంటే ముందు వచ్చిన పిల్లవాని అరచేతిలో గౌరవసూచకంగా సరస్వతి పేరు రాసేవారని, రెండోవానికి సున్న చుట్టేవారని, మూడోవాని నుంచి ఒకటి, రెండు చొప్పున బెత్తం దెబ్బలు పెరుగుతూ పోయేవని ఆయన వివరించారు. ఆలస్యానికి కూడా ఒక అంకశ్రేఢి ఉండేదన్నమాట. పిల్లలు మొదట ఇసుకలో వేలితో అక్షరం దిద్దుతూ దాన్నే పైకి పలికేవారు. చేయి కుదిరాక ఆకుల మీదా, కడితం మీదా రాసేవారు. కడితం అంటే బొగ్గుపొడి కలిపిన ముద్ద పూసి నల్లగా చేసి, మడతలు పెట్టిన గుడ్డ. బలపంతో రాసి, తడిగుడ్డతో తుడిచి, మళ్లీ రాసుకోవచ్చు. పెద్ద పిల్లలు చిన్నవారికి పాఠం చెప్పే ఇక్కడి అలవాటు చూసి, ఆండ్రూ బెల్ మద్రాసు అనాథ బాలుర ఆశ్రమంలో దాన్ని అమలుచేసి, 1797లో ఇంగ్లండులో పుస్తకం ప్రచురించగా, అది అక్కడ మద్రాసు పద్ధతిగా పేరుపొందింది.

ఈ విద్యలో కన్ను, చేయి, నోరు ఒకేసారి పనిచేస్తాయి. కకు దీర్ఘమిస్తే కా, గుడి ఇస్తే కి, గుడిదీర్ఘమిస్తే కీ, కొమ్ము ఇస్తే కు అంటూ గుణింతం చదివే పిల్లవాడు అక్షరాన్ని బొమ్మలాగా గుర్తుపెట్టుకోవడం లేదు. ఏ గీత చేరితే ఏ ధ్వని మారుతుందో విడగొట్టి చెబుతున్నాడు. అందువల్ల కకారంతో నేర్చిన సూత్రం మిగిలిన హల్లులకూ అన్వయించుకోగలుగుతాడు. లెక్కల్లోనూ అంతే. అర, అందులో సగం పావు, అందులో సగం పరక, అందులో సగం వీసం అని పదహారో వంతు దాకా దిగే వరుస నోటికి వచ్చిన పిల్లవానికి, రూపాయికి 16 అణాలున్న రోజుల్లో, ఏడు పావులు కలిస్తే ఒకటీ ముప్పావు అని చెప్పడానికి కాగితం అవసరమయ్యేది కాదు. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాక ఆ భిన్నాల ఎక్కాలు క్రమంగా వెనకబడ్డాయి. అణాలు పోవడం సబబే కానీ, వాటితోపాటు భిన్నాన్ని నోటితో లెక్కగట్టే చాతుర్యం కూడా పోవడం నష్టమే.

అయితే కాంప్‌బెల్ పొగిడి ఊరుకోలేదు. పిల్లలు వ్యవహారభాషకు దూరమైన పద్యాలను అర్థం తెలియకుండా వల్లిస్తున్నారని, పదం విడగొట్టి భావం చెప్పమంటే చెప్పలేకపోతున్నారని ఎత్తిచూపారు. ఈ లోపం నేటికీ వేషం మార్చుకొని కనిపిస్తుంది. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం మూడో తరగతి పూర్తయ్యేసరికి విద్యార్థి నిమిషానికి కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవాలి. తెలుగులో విభక్తులూ సంధులూ కలిసి ఒక్క పదమే వాక్యమంత బరువు మోస్తుంది కనుక, పదాలు లెక్కపెట్టి అర్థాన్ని వదిలేస్తే పాత వల్లెవేతకు గడియారం తగిలించినట్లే అవుతుంది. తెలంగాణలో 2022 ఆగస్టు 15న ఆరంభమైన తొలిమెట్టు కార్యక్రమం పిల్లల స్థాయి గుర్తించి బోధించడానికీ, తరచుగా మదింపు చేయడానికీ పూనుకుంది. వెనకబడ్డవారిని అందుకొనేందుకు అది అవసరమే. ముందున్నవారిని మాత్రం అదే పాఠం దగ్గర ఖాళీగా కూర్చోబెట్టకుండా చూసుకోవడం ఉపాధ్యాయుని చేతిలో పని.

అందుకు సామగ్రి ఈ ఊళ్లలోనే ఉంది. సిరిసిల్లలో మగ్గం చూడని పిల్లలు అరుదు. నిలువునా ఆరు పడుగు పోగులు, అడ్డంగా నాలుగు పేక పోగులు పెడితే అవి కలిసే చోట్లు 24. ఆ ముక్కను పక్కకు తిప్పితే నాలుగు ఆరులైనా ఆరు నాలుగులైనా ఒకటేనని కంటికి కనిపిస్తుంది. ముందున్న పిల్లలకు 12 పడుగులు, 14 పేకలు ఇచ్చి, పదో పేక తర్వాత రంగుదారం పెట్టమంటే, 120కి 48 కలిపి 168 అని వాళ్లే తేలుస్తారు; రెండంకెల గుణకారంలో విడదీసి కలిపే సూత్రం అదే. వారంలో మొదటి రోజులు ఈ పనికీ, తర్వాతి రోజులు దాన్ని తోటివారికి చెప్పడానికీ కేటాయిస్తే, చెప్పేటప్పుడు ఎక్కడ తడబడ్డారో అక్కడ అర్థం కాలేదని ఉపాధ్యాయునికి తెలిసిపోతుంది.

తల్లిదండ్రుల చూపు సహజంగానే నవోదయ ప్రవేశపరీక్ష మీద ఉంటుంది. 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం తెలంగాణకు మంజూరు చేసిన 7 కొత్త నవోదయ విద్యాలయాల్లో జగిత్యాల జిల్లాది కూడా ఉండడంతో ఆ ఆశ పెరగడం సహజం. ఐదో తరగతి పిల్లలు రెండు గంటల్లో 80 ప్రశ్నలకు, ఇచ్చిన నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి. ఎంచుకోవడం ఒక నేర్పే కానీ, ప్రశ్నను తయారుచేయడం అంతకంటే పై మెట్టు, దాన్ని ఆ పరీక్ష కొలవదు.

శనివారం ఒప్పజెప్పే వేళకు ఆ పని అప్పగించవచ్చు. జవాబు 29, శేషం 5 అని బోర్డు మీద రాసి, దానికి తగిన లెక్క మీరే కట్టండి అన్నప్పుడు, కట్టకు 25 చొప్పున బీడీలు కట్టడం ఇంట్లో చూసిన కోరుట్ల పిల్ల 730 బీడీల లెక్క రాయవచ్చు. ఆ 730లో నాసివని పక్కన పెట్టినవి 30 ఉంటే కట్టలు ఎన్నవుతాయని పక్కనున్న పిల్ల అడిగితే, మొదటి పిల్ల 28 అని చెప్పి, శేషం ఎందుకు మిగల్లేదో కూడా వివరించాలి.