కాడికోయ్‌లో ఖాళీ రోజు

"అంత దూరం పోయి ఒక రోజంతా టీ తాగి వచ్చావా?" అంది మా పిన్ని. ఇస్తాంబుల్‌లో ఆయాసోఫియా, తోప్‌కాపి ప్యాలెస్ చూసిన కబుర్లు శ్రద్ధగానే విన్నది. గురువారం దగ్గరికి వచ్చేసరికి నా దగ్గర కథ లేదు. ఆ రోజు ఏమీ చూడలేదు.

ఏ ఊరెళ్ళినా ఒక రోజు జాబితా లేకుండా వదిలేయడం నాకు అలవాటు. బద్ధకంలా వినిపిస్తుంది గానీ, అంత తేలికేం కాదు. టికెట్టుకి పోసిన డబ్బు గుర్తొచ్చి కాలు నిలవదు. పక్కన మనిషి లేకపోతే మరీ కష్టం, ఊసుపోక మళ్ళీ ఫోన్లో "చూడదగ్గ స్థలాలు" వెతకడం మొదలవుతుంది. దానికి నాకు తెలిసిన మందు ఒకటే. ఆ ఊరి జనం రోజూ ఎక్కే బండి ఎక్కేయడం.

ఇస్తాంబుల్‌లో ఆ బండి నీళ్ళ మీద నడుస్తుంది. ఎమినోనూ రేవులో, అంటే యూరప్ ఒడ్డున, ఫెర్రీ ఎక్కితే ఇరవై నిమిషాల్లో ఆసియా ఒడ్డున కాడికోయ్‌లో దించుతుంది. మెట్రోకి వాడే ఇస్తాంబుల్ కార్డే ఇక్కడా చూపించాలి. ఖండం మారినందుకు ఎవరూ ఏమీ అడగరు. 2013లో సముద్రం అడుగున మర్మరాయ్ రైలు వచ్చింది, అది ఇంకా తొందరగా దాటిస్తుంది. అయినా ఫెర్రీలో జనానికి తక్కువ లేదు. కుడి పక్కన తోప్‌కాపి కొండ జరిగిపోతుంటే నా ఎదుటి బెంచీలో ఒక్కరూ తలెత్తలేదు. హైదరాబాద్‌లో ఎంఎంటీఎస్ రైలు నెక్లెస్ రోడ్ దాటేటప్పుడు మనం మాత్రం హుస్సేన్ సాగర్‌ని చూస్తామా!

ఆ రోజు నేను బాగా నేర్చుకున్నది టీ గురించే. వాళ్ళ టీ పాత్ర రెండంతస్తులు. కింద నీళ్ళు మరుగుతుంటాయి, పైదాంట్లో చిక్కటి డికాషన్. నడుము సన్నగా ఉండే చిన్న గాజు గ్లాసులో ముందు డికాషన్ పోసి, పైన వేణ్ణీళ్ళు కలుపుతారు. పాలు ఉండవు. పక్కన చక్కెర బిళ్ళలు పెడతారు. డికాషన్ కాఫీ ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి పద్ధతి చూడగానే అర్థమైంది, పాలు లేని లోటే మూడో గ్లాసు దాకా తీరలేదు.

కాడికోయ్ చేరేముందు నీళ్ళకి ఆనుకుని హైదర్‌పాషా స్టేషన్ కనిపిస్తుంది. జర్మన్ల నమూనాతో కట్టి 1909లో తెరిచారు. బాగ్దాద్ వైపు వేసిన రైలు దారికి ఇదే మొదలు. 2010లో పైకప్పు కాలిపోయింది, 2013 నాటికి రైళ్ళూ ఆగిపోయాయి. అంత పెద్ద భవనాన్ని దాటి అందరూ చేపల బజారుకి పోతున్నారు. నేనూ పోయాను.

ఒంటరివాళ్ళకి అసలు పరీక్ష భోజనం వేళ. తెల్ల గుడ్డలు పరిచిన హోటళ్ళలో ఒక్కరికి టేబుల్ ఇవ్వడానికి మొహమాటపడతారు. కొట్లలో పనిచేసేవాళ్ళు తినే చిన్న భోజనశాలలు నయం. వండినవన్నీ అద్దం వెనక ట్రేల్లో ఉంటాయి, వేలు పెట్టి చూపిస్తే చాలు. తెల్ల చిక్కుడు గింజల కూర, అన్నం తిన్నాను. తర్వాత మోదా దాకా నడిచి, మర్మరా సముద్రం ఎదురుగా ఉన్న టీ తోటలో సాయంత్రం దాకా కూర్చున్నాను. అంతే.

ఇలాంటి రోజుల్ని కూడా రాసిపెట్టినవాళ్ళున్నారు. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి ఏ రోజుకారోజు రాసుకున్నారు. ఆయన వెళ్ళింది పెద్ద పరివారంతో, ఒంటరిగా కాదనుకోండి. కానీ 'కాశీయాత్ర చరిత్ర'లో విశేషం లేని రోజులకి కూడా చోటుంది. మజిలీ ఎక్కడ, దారి ఎలా ఉంది, ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి, అన్నీ రాశారు. గుళ్ళ సంగతి ఇంకో పుస్తకంలోనైనా దొరుకుతుంది. 1830లో దారి పక్క ఊళ్ళో ఏ సరుకు దొరికేదో ఇంకెవరు చెప్తారు?

మీరు ఇస్తాంబుల్ వెళ్తే కాడికోయ్‌కి ఒక పూట మిగుల్చుకోండి. ఫెర్రీలో లోపల కాకుండా బయటి బెంచీ మీద కూర్చోండి. నువ్వులద్దిన సిమిట్ రొట్టె కొనుక్కుంటే మాత్రం గట్టిగా పట్టుకోండి. అక్కడి సీగల్ పక్షులు రొట్టె కోసం రేవు నుంచి రేవు దాకా వెంటే ఎగురుతాయి.