నీరు చెప్పిన మట్టము

తెనాలిలో మా యింటి వెనుక కొత్తగా వేసిన గదికి, పునాదులలో తవ్వితీసిన నల్లరేగడినే మెరకగా నింపించి, అది కుదురుకొనునంతవరకు ఓపికపట్టక, నెల తిరుగకమునుపే టైల్సు పరపించిన తొందరపాటు నాది. వానలకు పొంగి, ఎండలకు కుంచించుకొని నెర్రెలు వారుట రేగడి స్వభావము. రెండేండ్లు గడచునప్పటికి ఒక మూల క్రుంగి, కడిగిన నీరు అక్కడనే మడుగుగట్టి, తట్టినచో పలకలు డొల్లగా మ్రోగసాగెను.

సరిచేయవచ్చిన వృద్ధుడైన తాపీమేస్త్రి పలకలను ముట్టకమునుపే, “అయ్యగారూ, బిందెడు నీళ్లు పోయించండి, ఎటు పోతాయో చూద్దాం” అనెను. పిమ్మట రేగడిని తీయించి, ఇసుకను పొరలుపొరలుగా పోసి, ప్రతి పొరను తడిపి దిమ్మిసతో కొట్టించి, పైన కాంక్రీటు వేయించెను. అది గట్టిపడిన తరువాత, గాలిబుడగ లేకుండ నీరు నింపిన గొట్టపు కొనలను ఎదురెదురు గోడలయొద్ద పట్టించి, నీరు నిలిచినచోట్ల గీతలు గీచి, వానినుండి క్రిందికి కొలిచి, మిట్టపల్లములను నిర్ణయించి, మూలలందు మాలుముద్దలతో గురుతులు నిలిపి, నడుమ దారము లాగి, ఒక పాలు సిమెంటునకు ఆరుపాళ్లు ఇసుక కలిపిన మాలును బద్దతో చదును చేసెను. స్నానాలగదికి మాత్రము నూరంగుళములకు ఒక అంగుళము చొప్పున తూమువైపునకు వాటమిచ్చెను.

నేలనుబట్టి పని మారును. బాపట్ల ఇసుకనేల రేగడివలె పొంగదు; తడిపి కొట్టిన కొలది బిగియును. కృష్ణ సముద్రమును చేరుచోటికి సమీపమునగల రేపల్లె పల్లపుప్రాంతములందు చదునుకంటె ముందు ఎత్తును గూర్చి ఆలోచింపవలెను. వరద నెరిగినవారు మెరక తోలించిగాని గోడ లేపరు.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప, పశ్చిమ డెల్టా కాలువలు ఈ ప్రాంతపు పొలములకు నీరు తెచ్చినది యంత్రబలముచేత గాదు, కొలిచి నిర్ణయించిన స్వల్పమైన వాటముచేతనే. ఆ నీటితోనే ఏటేట దమ్ముచేసి, మిట్టమీది మట్టిని పలకతో పల్లమునకు లాగి, మడియంతట నీరు సమముగా నిలిచిన తరువాతనే మా పెద్దలు నాటు వేయించిరి. వారి యింట పుట్టియు, ఒక్క గది విషయమున నేనా క్రమమును పాటింపనైతిని. ఇల్లు కట్టుకొనువారు టైల్సు రంగు నెంచుటకు వెచ్చించు దినములలో కొన్నిటిని మెరక కుదురుకొనుటకు విడుతురుగాక.