కంపెనీ లారీని ఎందుకు అమ్ముతున్నారు?

నాయుడుపేటలో లారీ కొనాలనుకునేవాడికి సరుకు గురించి బెంగ లేదు. చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి ఊరి పక్కనుంచే పోతుంది. తిరుపతి మీదుగా వచ్చే పూతలపట్టు రోడ్డు ఇక్కడే దానిలో కలుస్తుంది. ఉత్తరాన కృష్ణపట్నం రేవు, దక్షిణాన తడ దగ్గర శ్రీసిటీ, దగ్గర్లోనే మేనకూరు సెజ్, చుట్టూ బియ్యం మిల్లులు, కోట, చిల్లకూరు మండలాల్లో సిలికా ఇసుక, తీరం పొడవునా రొయ్యల చెరువులు ఉన్నాయి. బెంగంతా బండి గురించే. కొత్త పది చక్రాల లారీకి కావలసినంత డబ్బు, సొంతంగా తోలుకుని బతకాలనుకునే డ్రైవరు చేతిలో ఉండదు. అందుకే పెద్ద రవాణా కంపెనీలు ఐదారేళ్లు తిప్పి అమ్మేసే బండ్ల వైపు చూస్తాడు. చూడగానే మీటరు భయపెడుతుంది: ఆరు లక్షల కిలోమీటర్లు. పక్కనే ఇంకో బండి ఉంటుంది. ఒకే ఓనరు, మూడు లక్షలే తిరిగిందంటారు, ధర కొంచెం ఎక్కువ చెబుతారు. చాలామంది మనసు రెండోదాని మీదికే పోతుంది. మొదటిదే మేలైన బేరం అయ్యే అవకాశం ఎక్కువని నా అభిప్రాయం. ఏది మేలో తేల్చుకోవడానికి మీటరు కంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఈ బండిని ఎందుకు అమ్ముతున్నారు?

ఈ ప్రశ్నకు ఇంత బరువు ఎందుకో అర్థశాస్త్రంలో చక్కటి వివరణ ఉంది. 1970లో జార్జ్ అకెర్లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. 2001లో ఆయనకు నోబెల్ బహుమతి రావడానికి మూలం ఆ వ్యాసమే. ఆయన చెప్పింది సూటిగా ఇదీ: బండిలో లోపం ఏమిటో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. కాబట్టి కొనేవాడు అన్ని బండ్లకూ కలిపి సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, చెడ్డ బండి ఉన్నవాడు సంతోషంగా అమ్ముతాడు. బజారుకు వచ్చిందంటేనే ఆ బండి మీద కొంత అనుమానం పుట్టే పరిస్థితి అది. ఒక్క లారీ ఉన్న ఓనరు విషయంలో ఇది అక్షరాలా నిజం. బాగా నడిచి నెలనెలా కిస్తీ కట్టిస్తున్న బండిని ఎవరూ ఊరికే వదులుకోరు. క్రౌన్ మోత మొదలైనప్పుడో, ఇంజిన్ దించాల్సి వస్తుందని మెకానిక్ చెప్పినప్పుడో, ఫైనాన్స్ వాళ్లు సీజ్ చేస్తారన్న భయం పట్టుకున్నప్పుడో అమ్మకానికి పెడతారు. పిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో అమ్మేవాళ్లూ ఉంటారు. అలాంటి బండి దొరికితే కొనేవాడి అదృష్టం. కానీ అందరూ ఆ కారణమే చెబుతారు కాబట్టి మాటను పట్టుకుని నమ్మడం కుదరదు.

పెద్ద కంపెనీ లెక్క వేరు. వంద బండ్లున్న సంస్థ ఒక్కో బండి మంచిచెడ్డలు చూసి అమ్మదు, బ్యాచీలుగా అమ్ముతుంది. అప్పు తీరిపోయిందనో, లోడు ఇచ్చే సంస్థ ఇన్నేళ్లు దాటిన బండ్లు వద్దన్నదనో, కొత్త బండ్లకు ఆర్డరు పెట్టామనో ఒకే ఏడు కొన్న ఇరవై బండ్లను ఒకేసారి తీసేస్తుంది. వాటిలో మంచివీ ఉంటాయి, అంతంతమాత్రంవీ ఉంటాయి. అమ్మకానికి వచ్చిందన్న ఒక్క సంగతితో వాటిలో ఏ ఒక్కదాన్నీ అనుమానించాల్సిన పని లేదు. కంపెనీ బండికి ఉన్న అసలు బలం ఇదే. అయితే ఈ బలం బ్యాచ్ మొత్తం అమ్మినప్పుడే. ఒకే సీరీస్ నంబర్లున్న ఇరవై బండ్లలో మూడే బజారుకు వచ్చి, మిగతా పదిహేడు ఇంకా అదే కంపెనీ లోడు మోస్తుంటే, ఆ మూడూ ఏరి తీసేసినవని అర్థం. అప్పుడు కంపెనీ బండి కూడా ఒంటరి ఓనరు బండితో సమానమే. ఇది కనుక్కోవడం కష్టమేమీ కాదు. పాత కంపెనీ పేరు, కొన్న ఏడు, నంబరు సీరీస్ తెలిస్తే హైవే మీద డాబాల దగ్గర ఆ కంపెనీ డ్రైవర్లను అడిగితే చాలు. పాత బండ్లు ఎన్ని ఉన్నాయో, ఎన్ని పోయాయో వాళ్లకు తెలిసినంత బాగా ఆ కంపెనీ ఆఫీసులో కూర్చున్నవాళ్లకు తెలియదేమో.

ఇక మీటరు సంగతి. కిలోమీటరు చక్రం తిరిగిన దూరాన్ని చెబుతుంది, ఇంజిన్ పడ్డ కష్టాన్ని చెప్పదు. చెన్నై నుంచి విజయవాడకు, అక్కడి నుంచి వైజాగుకు పార్సిల్ లోడు వేసుకుపోయే లారీ, ఇంజిన్ ఆన్‌లో ఉన్న కాలమంతా లెక్కేసినా, గంటకు సుమారు 40 కిలోమీటర్లు పోయిందనుకుందాం. ఆరు లక్షల కిలోమీటర్లకు దాని ఇంజిన్ 15,000 గంటలు నడిచినట్టు. రేవు దగ్గర క్యూలో గంటలకొద్దీ ఇంజిన్ ఆపకుండా నిలబడి, బొగ్గు నింపుకుని, దగ్గర్లోని యార్డులో దించి మళ్లీ క్యూలోకి వచ్చే బండికి సగటు 15 కిలోమీటర్లు దాటదనుకుంటే, మూడు లక్షలకే 20,000 గంటలవుతుంది. పైగా క్లచ్ తొక్కినన్ని సార్లు, బ్రేకు పట్టినన్ని సార్లు, ఫస్టు గేరులో లాగినన్ని సార్లు మొదటి బండి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. తక్కువ తిరిగిన బండే ఎక్కువ అలిసిపోయిన బండి అన్నమాట. సిలికా ఇసుక తోలిన బండికైతే ఇంకో చిక్కుంది: ఎయిర్ ఫిల్టరు సరిగ్గా మార్చకపోతే ఆ సన్నటి ఇసుక లైనర్లను, రింగులను అరగదీస్తుంది. ఇంజిన్ ఆయిల్ నమూనాను ల్యాబులో పరీక్ష చేయిస్తే సిలికాన్ మోతాదులో ఇది బయటపడుతుంది. ఇనుము ఎక్కువగా ఉంటే లోపలి భాగాలు అరుగుతున్నాయని, సోడియం కనబడితే రేడియేటర్ నీళ్లు ఆయిల్లోకి దిగుతున్నాయేమోనని అనుమానించాలి. లారీ ధరతో పోలిస్తే ఆ పరీక్షకయ్యే ఖర్చు లెక్కలోకి రాదు. అయినా మన దగ్గర దీన్ని అడిగేవాళ్లు అరుదు. ఈ నిర్లక్ష్యం నాకు బాధ కలిగిస్తుంది. పెద్ద లారీకి మీటరు ఒక్కటే చాలదన్నది నా ఒక్కడి మాట కాదు. అమెరికాలో మీటరు మోసాలను ఆపడానికి 1972లో చట్టం తెచ్చారు. దాని కింద వచ్చిన నిబంధనల్లో 16,000 పౌండ్లు, అంటే సుమారు ఏడు టన్నులకు పైబడిన బండ్లకు మీటరు అంకె రాసివ్వాలన్న షరతు పెట్టలేదు. పెద్ద లారీలు కొనేవాళ్లు మీటరు మీద కంటే రిపేరు రికార్డుల మీదే ఆధారపడతారన్నది దాని వెనుక ఉన్న ఆలోచన.

దీనికి మొదటి అభ్యంతరం ఎప్పుడూ ఒకటే: కంపెనీవాళ్లు బండిని పిండుకుని పిప్పి మనకు అమ్ముతారు. ఇందులో సగం నిజముంది, ఆ సగం ఎక్కడుందో చూడాలి. లోడుతో ఉన్న బండి దారిలో ఆగితే కంపెనీకి కిరాయి పోతుంది, లోడు ఇచ్చినవాడి దగ్గర మాట పోతుంది. అందుకని కాస్త పద్ధతిగా నడిచే కంపెనీ ఆయిలు, ఫిల్టర్లు, హబ్ గ్రీజు, బ్రేకు లైనర్లు గడువు ప్రకారం మార్పిస్తుంది. ఒక్క బండి ఓనరు కిరాయి డబ్బు చేతికి వచ్చేదాకా ఆయిలు మార్పు వాయిదా వేస్తాడు. అది అతని తప్పు అనలేం, అతని పరిస్థితి అలాంటిది. కాబట్టి ఇంజిను, గేర్ బాక్సు లాంటి లోపలి భాగాల విషయంలో కంపెనీ బండికే మార్కులు. కానీ అమ్మాలని తేల్చుకున్న రోజు నుంచి ఏ కంపెనీ అయినా ఖర్చు ఆపేస్తుంది. ఆఖరి ఆరేడు నెలల్లో టైర్లు, బ్యాటరీలు, క్లచ్ ప్లేటు, కింగ్ పిన్లు, కమాన్ కట్టల బుష్‌లు, షాఫ్టు క్రాస్‌లు ఎవరూ ముట్టుకోరు. మంచి టైర్లు విప్పి తమ కొత్త బండికి వేసుకుని, రీట్రెడ్ టైర్లు తగిలించి పంపడం కూడా ఉంది. పిప్పి అన్నది ఇక్కడ నిజం. అయితే ఇవన్నీ కంటికి కనబడేవి, చేతితో ఊపి చూడగలిగేవి, ఖర్చు ఎంతో ముందే లెక్కగట్టగలిగేవి. ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించమని అడగవచ్చు. దాచిన జబ్బు కంటే తెలిసిన ఖర్చు ఎప్పుడూ చౌక.

లోపలి సంగతి తేల్చుకోవడానికి ఉదయాన్నే, బండి స్టార్ట్ చేయకముందే వెళ్లాలి. ఇంజిన్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. ముందే వేడి చేసి ఉంచారంటే చల్లటి ఇంజిన్ స్టార్ట్ అవడంలో ఏదో ఇబ్బంది దాస్తున్నారని అనుకోవాల్సి వస్తుంది. స్టార్ట్ అయ్యాక ఆయిల్ మూత తీసి చూస్తే కొద్దిగా పొగ కనబడటం సహజం. మూతను పైకి తన్నేంత జోరుగా గ్యాస్ వస్తుంటే, మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది అదే, రింగులు, లైనర్లు అరిగిపోయాయని లెక్క. వేడెక్కాక కూడా నీలం పొగ వస్తుంటే ఆయిలు కాలుతోంది. తెల్ల పొగ తగ్గకపోతే నాజిళ్లో, కంప్రెషనో, హెడ్ గాస్కెట్టో చూడాలి. ఆ తర్వాత లోడుతో నడిపి చూడాలి. ఖాళీ బండి ఎవరికైనా బాగానే కనిపిస్తుంది. క్రౌన్ మోత, గేరు జారడం, లోడు మీద పవర్ పడిపోవడం బరువు ఎక్కితేనే తెలుస్తాయి. అమ్మేవాడు లోడు ట్రయల్‌కు ఒప్పుకోకపోతే అక్కడితో మాట ముగించడం మంచిది.

తీరప్రాంతంలో ఉన్నవాళ్లకు ఇంజిన్ కంటే ముందు ఛాసిస్ చూడమని చెబుతాను. ఇంజిన్ దించి బోరు చేయించవచ్చు, గేర్ బాక్సు మార్చవచ్చు. తుప్పు తిన్న ఛాసిస్‌కు మందు లేదు. రొయ్యలు, చేపలు తోలిన బండి కింద ఐసు నీళ్లూ ఉప్పు నీళ్లూ ఏళ్ల తరబడి కారి ఉంటాయి. ఉప్పు లోడు సంగతి చెప్పనక్కర్లేదు. అమ్మే ముందు కింద నల్ల పెయింటు కొట్టించడం మామూలే కాబట్టి కొత్తగా మెరిసే ఛాసిస్‌నే ఎక్కువ అనుమానంగా చూడాలి. చిన్న సుత్తితో తట్టుకుంటూ పోతే గట్టి ఇనుము మోతకూ పొరలు లేచిన ఇనుము మోతకూ తేడా చెవికి తెలుస్తుంది. కమాన్ బ్రాకెట్ల దగ్గర, క్రాస్ మెంబర్ల అతుకుల దగ్గర వెల్డింగ్ కనబడితే అది ఓవర్‌లోడు చరిత్ర. ఈ విషయంలో హైదరాబాదు, నాగపూరు లాంటి లోపలి ఊళ్ల నుంచి వచ్చిన కంపెనీ బండి, ఎంత దూరం తిరిగినా, మన తీరంలోనే పుట్టి పెరిగిన బండి కంటే నయం.

రెండో అభ్యంతరం డ్రైవర్ల గురించి. కంపెనీ బండి పది చేతులు మారుతుంది, ఎవరికీ సొంతం కాదు, ఎవరికీ ప్రేమ ఉండదు అంటారు. నిజమే, దీన్ని నేను కాదనను. క్లచ్ మీద కాలు పెట్టి తోలేవాడి తర్వాత గేర్లు కరకరలాడించేవాడు వస్తాడు, క్యాబిన్ అయితే చెప్పక్కర్లేదు. సొంత బండిని మహా జాగ్రత్తగా తోలుకునేవాళ్లు నాయుడుపేటలోనే ఎందరో ఉన్నారు. కానీ కంపెనీకి రోడ్డు మీద కళ్లు కూడా ఉన్నాయి. టాటా ఫ్లీట్ ఎడ్జ్, అశోక్ లేలాండ్ ఐ-అలర్ట్ లాంటి ఏర్పాట్లున్న బండ్ల కదలికలు కంపెనీ స్క్రీను మీద కనబడుతుంటాయి. కిలోమీటర్లు, ఊరికే ఆన్‌లో ఉన్న గంటలు అక్కడ నమోదవుతాయి. మీటరు తిప్పేసినవాడు ఆ నమోదును కూడా తిప్పడం అంత తేలిక కాదు. బేరం తేలకముందే ఆ రిపోర్టు అడగాలి. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్–6 బండ్లకు ఇది మరీ ముఖ్యం. వాటి పొగ శుద్ధి వ్యవస్థ, యాడ్‌బ్లూ పంపు, నాక్స్ సెన్సార్లు పాడైతే బిల్లు ఇంజిన్ రిపేరుతో పోటీ పడుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి సెన్సార్లను మోసం చేసే పరికరాలు పెట్టిన బండ్లు తిరుగుతున్నాయి. స్కానర్ పెట్టి చూడని బీఎస్–6 బండిని కొనకపోవడమే మేలు.

మూడో అభ్యంతరం అన్నిటికంటే గట్టిది. ఈ రికార్డులూ రిపోర్టులూ పెద్ద కొనుగోలుదారులకు దొరుకుతాయి, ఒక్క బండి కొనే డ్రైవరుకు ఎవరిస్తారు? కంపెనీ లాటు మొత్తం ఒక వ్యాపారికి పోతుంది, అక్కడి నుంచి బ్రోకర్లు, ఇక్కడికి వచ్చేసరికి కాగితాల్లో ఆర్‌సీ తప్ప ఏమీ మిగలదు. ఇది వాస్తవం. అలాంటప్పుడు ఆర్‌సీలో ఓనరు వరుస సంఖ్య చూడాలి. కంపెనీ తర్వాత ఏడాది పాటు ఇంకెవరో తోలిన బండి కంపెనీ బండి కాదు, అకెర్లాఫ్ చెప్పిన బండే. ఛాసిస్ నంబరు పట్టుకుని ఆ కంపెనీ సర్వీసు చేయించిన డీలరు వర్క్‌షాపులో అడగాలి. ఇస్తే ఇచ్చారు, లేకపోతే చరిత్ర తెలియని బండిగానే ధర కట్టాలి. పాత లారీకి పెట్టిన డబ్బు గోతిలో పోసినట్టేనని భయపడేవాళ్లు ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. బ్యాంకులు పాత లారీ అంటే మొహం తిప్పుకునే రోజుల్లో, 1979లో చెన్నైలో మొదలైన శ్రీరామ్ ట్రాన్స్‌పోర్ట్ ఫైనాన్స్, సొంతంగా తోలుకునే డ్రైవర్లకు పాత లారీల మీద అప్పులిస్తూనే దేశంలోని పెద్ద ఫైనాన్స్ సంస్థల్లో ఒకటిగా ఎదిగింది. 2022లో శ్రీరామ్ ఫైనాన్స్‌గా మారింది. పాత బండి సంపాదించి అప్పు తీర్చలేకపోతే ఆ వ్యాపారం నిలిచేదే కాదు. అయితే అప్పిచ్చినవాడు నిలబడ్డాడంటే తీసుకున్న ప్రతివాడూ నిలబడ్డాడని కాదు. చేతిలో ఉన్నదంతా డౌన్ పేమెంటుకు పోసి, మొదటి నెలలోనే క్లచ్ పోతే కిస్తీ కట్టలేక బండి పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ నష్టపోతారు. పది లక్షల బండి కొనేవాడు రెండు లక్షలు పక్కన పెట్టుకోలేకపోతే ఎనిమిది లక్షల బండి చూసుకోవడం నయం.

కాగితాల సంగతి క్లుప్తంగా. పాత ఫైనాన్స్ తీరినట్టు ఫారం 35, వేరే రాష్ట్రం బండయితే ఎన్‌ఓసీ, బకాయి చలాన్లు, పన్ను చూసుకోవాలి. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఏటా చేయించాలి. నేషనల్ పర్మిట్ మామూలు లారీకి పన్నెండేళ్లు, మల్టీ యాక్సిల్‌కు పదిహేనేళ్లు దాటితే రాదు. ఆరేళ్ల కంపెనీ బండిలో మిగిలిన సంపాదన కాలాన్ని ఈ లెక్కతోనే కట్టాలి.

ప్రభుత్వం చేయగలిగిన పని కూడా ఒకటుంది. బ్రిటన్‌లో కారుకు ఏటా జరిగే ఎంఓటీ పరీక్షలో మీటరు అంకె నమోదు చేస్తారు. బండి నంబరు కొడితే ఏ ఏడు ఎంత తిరిగిందో, ఏ లోపంతో ఫెయిలైందో ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. మన లారీ కూడా ఎఫ్‌సీకి బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందుకో, టెస్టింగ్ స్టేషనుకో వెళ్లక తప్పదు. అక్కడ మీటరు అంకె, ఉన్న బండ్లకు ఇంజిన్ గంటలు, ఎత్తిచూపిన లోపాలు రాసి పరివాహన్ వెబ్‌సైటులో అందరికీ కనబడేలా పెడితే చాలు. ఆరేళ్ల బండికి రెండు మూడు నమోదులు దొరుకుతాయి. బ్రోకరు చెప్పే మాటను వాటి పక్కన పెట్టి చూసుకునే వీలు, లక్షలు అప్పు చేసి ఒకే ఒక్క బండి కొనుక్కునే డ్రైవరుకు అప్పుడు దక్కుతుంది.